జయపురం నుంచి భీమిలి దాకా, రాత్రంతా బండి మీద ఒంటరిగా: వెళ్ళవచ్చా?

జమాఖర్చు (జయపురం)

ఈ బైకు ఫోరంలో పాతికేళ్ళ కుర్రాళ్ళు లడఖ్ వెళ్ళి వచ్చిన ఫొటోలు పెడుతుంటారు. నా ప్రశ్న అంత గొప్పది కాదు. నా వయసు 51. ఒడిశా జయపురంలో ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాను. బండి 1996లో నాన్న కొన్న వంద సీసీది. నాన్న ఆస్తిలో నాకు పూర్తిగా వచ్చింది అదొక్కటే. మిగతావన్నీ సగాలు.

ఆ సగాల సంగతే ఇది. నాన్న 1961లో బొబ్బిలి నుంచి ఇక్కడికి లెక్కలు రాయడానికి వచ్చి, పదేళ్ళ తరువాత ఒక ఇల్లు కట్టారు. పోయిన మంగళవారానికి ముందు మంగళవారం దాన్ని అమ్మేశాం. అన్నయ్య విజయనగరంలో ఉంటాడు. ఆయన వాటా ఆయనకు కావాలి, అందులో తప్పు లేదు. దాన్ని కొనే డబ్బు నా దగ్గర లేదు, అందులోనూ ఎవరి తప్పూ లేదు. ఒడియాలో రాసిన దస్తావేజు మీద ఇద్దరం తెలుగులో సంతకాలు పెట్టి, రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగి, ఒకరికొకరం వెళ్ళొస్తానని కూడా చెప్పుకోకుండా విడిపోయాం. లెక్క పైసాతో సహా సరిపోయింది.

ఆ రాత్రి నుంచి ఒకటిన్నరకు మెలకువ వస్తోంది. మళ్ళీ పట్టదు. మా ఆవిడ లేచి కాసేపు మేడ మీద నడవమంటుంది. మారిన అద్దె ఇంటికి మేడ లేదు.

అందుకని ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ నిద్ర లేదు కాబట్టి ఆ రాత్రిని రోడ్డు మీద ఖర్చు పెడదామని. శనివారం రాత్రి పదింటికి బయలుదేరి కోరాపుట్, సునాబెడ, సిమిలిగుడ, పొట్టంగి, సుంకి, ఘాటీ దిగి సాలూరు, అక్కడి నుంచి రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం, భీమిలి. దాదాపు 180 కిలోమీటర్లు. భీమిలిలో నాకు పనేమీ లేదు. రోడ్డు అక్కడ అయిపోతుంది, లేకపోతే నేను ఆగనేమో. ఇంకొక దారి రాయగడ, మునిగుడ, మోహన మీదుగా బరంపురం చేరి గోపాలపురం సముద్రానికి వెళ్ళడం. అది 350 దాటుతుంది.

అడగదలచుకున్నవి మూడు. ఈ మార్గశిరం చలిలో ఘాటీ మీద మంచు ఎంత ఉంటుంది? బండి దీపం కాస్త మందం, సరిపోతుందా? మూడోది, ఇలా ఒంటరిగా వెళ్ళి వచ్చినవాళ్ళకు నిజంగా మనసు కుదుటపడిందా, లేక నడుము నొప్పి మాత్రమే మిగిలిందా?

గంజాం గేరు (బరంపురం)

బాబాయి గారూ, వెళ్ళండి! రాత్రి రోడ్డు అంత మంచిది ఇంకొకటి లేదు. నేను రెండేళ్ళ క్రితం ఉద్యోగం మానేసిన రాత్రి ఎవరికీ చెప్పకుండా బరంపురం నుంచి ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి మీదుగా విశాఖ దాకా వెళ్ళాను. అది నాలుగు వరుసల రోడ్డు, ఎదురుగా దీపాలు కొట్టవు, కాబట్టి మీ దారితో పోల్చను.

గోపాలపురం మాత్రం ఈసారికి వద్దు. రాయగడ దాటాక మోహన దాకా అడవి, ఊళ్ళు దూరం దూరం. రాత్రి పెట్రోలు బంకుల మీద ఆశ పెట్టుకోవద్దు. లఖరీ లోయ వైపు నుంచి వచ్చిన ఏనుగులు అటు పార్వతీపురం, కొమరాడ చుట్టూ ఏళ్ళుగా తిరుగుతున్నాయి. ఆ వైపు కొండల్లో ఏ మలుపులో ఏముందో రాత్రి తెలియదు. పగలు రండి. చంద్రగిరిలో టిబెట్ వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ మొక్కజొన్న చేలు, పెద్ద బౌద్ధ మఠం చూసి, తప్తపాణి వేడినీటి గుండం దగ్గర కాళ్ళు కడుక్కుని దిగవచ్చు. ఆ గుండంలో గంధకం వాసన వస్తుంది, మా అమ్మ మాత్రం ప్రసాదంలా తల మీద చల్లుకుంటుంది.

మనసు సంగతి అడిగారు. నాకు కుదుటపడింది. కాకపోతే విశాఖ చేరి ఫోను ఆన్ చేయగానే 23 మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఇంట్లో చెప్పి వెళ్ళండి.

సాలూరు స్టీరింగు

తమ్ముడూ, నేను 38 సంవత్సరాలు లారీ నడిపాను. రాయపూర్ – విశాఖ లైను. మా సాలూరులో ప్రతి రెండో ఇంట్లో ఒక లారీ మనిషి ఉంటాడు, అందులో నేనొకణ్ణి. ఆ ఘాట్ రోడ్డు నాకు ఇంటి గుమ్మం లాంటిది. కుర్రవాడు వెళ్ళమన్నాడు. నేను వెళ్ళవద్దు అనను, పదింటికి మాత్రం వద్దు అంటాను.

ముందు నీ దీపం. పాత వంద సీసీ బండ్లలో దీపానికి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజను తిరిగితేనే వస్తుంది. ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా తిరుగుతుంది, దీపం వెలుగుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలేస్తావు, సరిగ్గా మలుపు దగ్గర అది మిణుగురు పురుగు అయిపోతుంది. అందుకని గేరు తగ్గించి, ఇంజనును తిరగనిస్తూ దిగు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. దీపమూ ఉంటుంది, డ్రమ్ము బ్రేకులూ కాలిపోవు. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు ఆదా చేద్దామనుకునే లెక్కల బుద్ధి నీకు ఉంటుంది, అది ఇంట్లో వదిలి రా.

రెండోది వేగం. 60లో వెళ్తుంటే అడ్డం కనపడి, చెయ్యి కదిలి, బండి పూర్తిగా ఆగడానికి పొడి రోడ్డు మీదే యాభై మీటర్లకు పైగా పడుతుంది. 40లో ముప్పైలోపు ఆగుతుంది. నీ దీపం ముప్పై మీటర్లు చూపిస్తే 40 నీ హద్దు. అంతకు మించితే కనపడని చోటికి వెళ్తున్నట్టే.

మూడోది రాళ్ళు. దీన్ని ఎవరూ చెప్పరు. లారీ చెడిపోతే మేము వెనక వరసగా రాళ్ళు, చెట్టు కొమ్మలు పెడతాం. బాగుచేసుకున్నాక లారీ వెళ్ళిపోతుంది, రాళ్ళు ఉండిపోతాయి. నేనూ వదిలేశాను, అబద్ధం ఎందుకు. నాలుగు చక్రాల వాడికి అది కుదుపు, నీకు అది ప్రాణం. కొమ్మ కనపడితే వెనక రాయి ఉందనుకో. కింద సాలూరు దాటాక ఇంకొక రకం. ఇది కోతల కాలం, రోడ్డు మీద ధాన్యమో చోళ్ళో ఆరబోసి అంచుకు రాళ్ళు పేరుస్తారు. చలికి ఆవులు కూడా వెచ్చగా ఉంటుందని తారు మీదే పడుకుంటాయి. నల్ల ఆవు లేచేదాకా కనపడదు.

మంచు పొట్టంగి దగ్గర మొదలవుతుంది. హైబీము వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు, డిప్పులోనే ఉండు. రోడ్డు ఎడమ అంచు తెల్లగీత పట్టుకో. ఎదుటి లారీ దీపం కళ్ళలో కొట్టినా చూపు ఆ గీత మీదే ఉంచు. కళ్ళద్దాలు ఉంటే లోపలి వైపు పొడి సబ్బు పలచగా రాసి తుడువు, ఆవిరి పట్టదు. స్వెటరు కింద ఛాతీకి అడ్డంగా వార్తాపత్రిక రెండు పొరలు పెట్టుకో. నేను ఎన్ని జాకెట్లు చూసినా దాన్ని మించింది చూడలేదు. ఘాట్‌లో ఎక్కేవాడికి దారి ఇవ్వాలి, అది చట్టం కూడా.

రాత్రి డ్యూటీ (కోరాపుట్)

అన్నయ్య గారూ, నేను స్టాఫ్ నర్సును. నెలలో సగం రాత్రులు మెలకువగా ఉండడమే నా ఉద్యోగం కాబట్టి ఒక మాట చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

మీరు "ఎలాగూ నిద్ర లేదు" అన్నారు. నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కరలేకపోవడం వేరు. ఒకటిన్నరకు లేచిన మనిషి ఆ రాత్రి పదింటికి బయలుదేరితే అప్పటికే ఇరవై గంటలు మేలుకుని ఉన్నట్టు. పదిహేడు గంటలు దాటితేనే మెదడు పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరీక్షించి చూశారు. మన దేశంలో చట్టం ఒప్పుకునే హద్దు 0.03. మీరు చుక్క ముట్టకుండానే తాగి నడిపినట్టు అవుతుంది, పోలీసు గొట్టం మాత్రం మిమ్మల్ని పట్టుకోదు.

ఇక మూడు నుంచి అయిదు దాకా ఉండే సమయం. మా వార్డులో ఆ వేళ అందరం ఒకే పొరపాటు చేస్తాం. థర్మామీటరు చూస్తాం, అంకె చదువుతాం, రాసేలోపు మర్చిపోతాం. శరీరం వేడి కూడా దాదాపు అప్పుడే అన్నిటికన్నా తగ్గుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, మెదడు రెండు మూడు సెకన్లు ఆరిపోతుంది. నేను కుర్చీలో ఉంటాను కాబట్టి కలం జారుతుంది. 50 వేగంతో మూడు సెకన్లు అంటే నలభై మీటర్లు ఎవరూ నడపని బండి.

పాటలు, చల్లగాలి, మొహం కడుక్కోవడం, ఇవన్నీ మనల్ని మనం మోసం చేసుకోవడమే. పనిచేసేది కునుకు. ఆవలింతలు మొదలైతే ఆగి, ఒక కాఫీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు పడుకోండి. కాఫీ పట్టు చూపడానికి ఎలాగూ అంత సేపు పడుతుంది, లేచేసరికి రెండూ కలిసి వస్తాయి.

ఇంకొకటి. "రోడ్డు అక్కడ అయిపోతుంది, లేకపోతే నేను ఆగనేమో" అని రాశారు. ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. మొహమాటం లేకుండా అడుగుతున్నాను, తిరిగి రావాలని ఉందా? లేకపోతే బండి తీయవద్దు, ఇప్పుడే 14416కి ఫోను చేయండి. టెలీ మానస్, ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఉంటే కూడా, రెండు మూడు వారాలు ఇదే తీరున ఒకటిన్నరకు లేస్తుంటే డాక్టరుకు చూపించుకోండి. ఇల్లు అమ్మిన బాధ రోగం కాదు, దానివల్ల నిద్ర పట్టకపోవడం మాత్రం బాగుచేసుకోవలసిందే.

జమాఖర్చు (జయపురం)

చెల్లెమ్మా, సోమవారం మిల్లులో కాలజీరా బియ్యం లోడు ఒకటి తూకం వేయించాలి. నేను లేకపోతే ఇంకెవరూ బస్తాలు సరిగ్గా లెక్కపెట్టరు. తిరిగి రావాలనే ఉంది. అయినా అడిగినందుకు కోపం రాలేదు. ఇంట్లో ఎవరూ అలా సూటిగా అడగలేదు, అడగడానికి భయపడుతున్నారని ఇప్పుడు అర్థమైంది. నిన్న ఆవిడతో కూర్చుని మాట్లాడాను.

ఇరవై గంటల లెక్క నాకు తట్టనే లేదు. లెక్కలు రాసే మనిషిని. సిగ్గుగా ఉంది.

సాలూరు స్టీరింగు

అయితే ఇలా చెయ్యి. శనివారం మధ్యాహ్నం తిని రెండు గంటలు పడుకో. నిద్ర రాకపోయినా చీకటి గదిలో పడుకో. ఏడుకు ముందు బయలుదేరు. తొందరపడకుండా వస్తే పదకొండు, పదకొండున్నరకు సాలూరులో ఉంటావు. లారీలు ఆగే దాబా ఏదైనా చూసుకో, నులక మంచం దొరుకుతుంది. తెల్లవారేదాకా లేవవద్దు. సముద్రం ఎక్కడికీ పోదు. కోరాపుట్ దాటేముందు ట్యాంకు నింపు, చైను బిగువు చూసుకో, టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొట్టించు. ఘాట్‌లో అక్కడక్కడ ఫోను పలకదు. పలికే చోట 1033, జాతీయ రహదారుల వాళ్ళ నంబరు. దెబ్బ తగిలితే 108.

జమాఖర్చు (జయపురం)

వెళ్ళి వచ్చాను. సోమవారం లోడు కూడా వెళ్ళింది. వివరంగా రాస్తాను, చదివే ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మధ్యాహ్నం ఒక గంట పది నిమిషాలు పడుకున్నాను. ఆవిడ గోడగడియారం సెల్లు తీసేసి మరీ పడుకోబెట్టింది. ఆరు నలభైకి బయలుదేరాను. జయపురం ఘాటీ ఎక్కి కోరాపుట్ చేరేసరికే వేళ్ళు కొయ్యబారిపోయాయి. సిమిలిగుడలో ఒక మండియా (చోళ్ళ) అంబలి అమ్మే ముసలమ్మ దుకాణం కట్టేస్తోంది. వేడిది లేదు, ఉన్నది ఇచ్చింది. చల్లటి చలిలో చల్లటి అంబలి తాగిన మూర్ఖుణ్ణి నేనే అయి ఉంటాను.

పొట్టంగి దగ్గర స్టీరింగు గారు చెప్పిన తెల్లగోడ వచ్చింది. పున్నమి వెళ్ళి రెండు రోజులు, పైన వెన్నెల ఉంది. కింద మంచు ఆ వెలుగును పట్టుకుని పాలు విరిగినట్టు కదులుతోంది. డిప్పులో పెట్టి, ఎడమ గీత పట్టుకుని, 25 వేగంతో వెళ్ళాను. వెనక నుంచి ఒక లారీ వచ్చి, హారను కొట్టకుండా, నా పక్క నుంచి దాటి, నా ముందు అదే వేగంతో నడిచింది. దాని వెనక ఎర్రదీపాలు రెండూ పట్టుకుని సుంకి దాకా వచ్చాను. అక్కడ టీ కొట్టు ముందు ఆగితే ఆ డ్రైవరూ ఆగాడు. ఛత్తీస్‌గఢ్ మనిషి. నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చేసి, హిందీలో ఏదో అన్నాడు. "ముసలాయనా, ఇంటికి వెళ్ళి పడుకో" అన్నట్టు నాకు అర్థమైంది, అంతకన్నా మర్యాదగానే అని ఉంటాడు.

సుంకి నుంచి దిగుడు. దీపం చెప్పినట్టే చేసింది. రెండో గేరులో ఉంచితే వెలుగు, కాస్త అలసి క్లచ్చు నొక్కితే చీకటి. రెండు చోట్ల కొమ్మలు. ఒక చోట కొమ్మ లేదు, రాయి మాత్రం ఉంది, తెల్లగీత మీదే, బియ్యం కొలిచే కుంచం అంత. దాన్ని దాటి ఆగి, బండి స్టాండు వేసి, వెనక్కి నడిచి రాయిని దొర్లించి కాలవలోకి తోసేశాను. చేతులు వణుకుతున్నాయి. స్టీరింగు గారూ, అది మీరు వదిలిన రాయి కాదనే అనుకుంటున్నాను.

ఇక్కడే మీకు అసలు సంగతి చెప్పాలి. ఇంటి సంగతి ఆలోచించుకుందామని బయలుదేరాను. అన్నయ్యతో ఏం అనాలో, ఏం అనకూడదో దారి పొడుగునా వాదించుకుందామని వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను. కోరాపుట్ దాటాక రెండున్నర గంటలు ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు. రాయి, గీత, గేరు, కళ్ళద్దాలు, ముక్కు కారడం. అంతే. సాలూరు దీపాలు కనిపించాక "ఏదో మర్చిపోయానే" అనిపించింది, దుకాణానికి వెళ్ళి ఏం కొనాలో మర్చిపోయినట్టు.

పదకొండు దాటాక దాబాలో మంచం దొరికింది. పక్కన లారీ క్లీనరు గురక, ఎదురుగా ఒకడు టైరు విప్పుతూ సుత్తితో కొడుతున్నాడు. చైను చప్పుడు చేస్తోందా లేదా అని ఒక నిమిషం ఆలోచించాను. తరువాత చూస్తే అయిదు గంటల పది నిమిషాలు. ఒకటిన్నర ఎప్పుడు వచ్చి వెళ్ళిందో తెలియదు.

విజయనగరం ఏడింటికి చేరాను. అన్నయ్య వాళ్ళది కోట వెనక వీధి. వీధి మొదట్లో టీ కొట్టు ఉంది. అక్కడ నిలబడి టీ తాగుతుంటే అన్నయ్య బయటికి వచ్చాడు. లుంగీ, పైన తువ్వాలు. గేటుకు తగిలించిన సంచిలోంచి పాల ప్యాకెట్లు తీసుకున్నాడు. ఒకటి చేయి జారి పడితే వంగడానికి నడుము పట్టుకున్నాడు. ఇటు చూశాడు కూడా. నేను మంకీ క్యాపు, మఫ్లరు, కళ్ళద్దాల మీద మంచు, స్వెటరులోంచి బయటికి వచ్చిన వార్తాపత్రిక. నన్ను నేనే గుర్తుపట్టను. లోపలికి వెళ్ళిపోయాడు. నేను టీ డబ్బులు ఇచ్చి భీమిలి వెళ్ళాను. ఎందుకు పిలవలేదని అడగవద్దు.

భీమిలి చేరేసరికి ఎనిమిదిన్నర. సూర్యోదయం ఎప్పుడో అయిపోయింది. గోస్తనీ కలిసే చోట పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి, ఆడవాళ్ళు చేపల బేరం గట్టిగా చేస్తున్నారు. అరగంట కూర్చున్నాను. గొప్పగా ఏమీ అనిపించలేదు, ఆకలి వేసింది. ఇడ్లీ తిని, పగటి వెలుగులోనే తిరిగి వచ్చేశాను. ఎక్కేటప్పుడు చూస్తే ఆ ఘాటీ లోతు ఎంతో తెలిసింది. రాత్రి తెలియకపోవడమే మంచిదైంది.

నడుము నొప్పి ఉంది. ఆ తరువాత నాలుగు రాత్రులలో రెండు రాత్రులు తెల్లవారేదాకా పట్టింది, రెండు రాత్రులు మళ్ళీ ఒకటిన్నరే. డాక్టరు దగ్గరికి శుక్రవారం వెళ్తున్నాను చెల్లెమ్మా, ఆవిడే పేరు రాయించింది.

ఇప్పుడు దీపం. మెకానిక్ వంద వాట్ల బల్బు వేస్తే పట్టపగలులా ఉంటుందంటున్నాడు. వేయించనా?

సాలూరు స్టీరింగు

వద్దు. ఆ బండికి 35 వాట్లు చాలు. వంద వేస్తే ఆ చిన్న కాయిలు మోయలేదు, వైరు కాలుతుంది. దీపం డబ్బా విప్పి లోపల చూడు. వెనక ఉండే గిన్నెకు వెండిపూత పోయి నల్లబడి ఉంటుంది. బల్బు ఎంత వెలిగినా ఆ నలుపే తినేస్తుంది. రిఫ్లెక్టరు కొత్తది వేయించు, ఎర్త్ వైరు తుప్పు గీకించు. ఆ రాయి నాది కాదు. నేను బండి దిగి తొమ్మిదేళ్ళు అయింది.

గంజాం గేరు (బరంపురం)

బాబాయి గారూ, వార్తాపత్రికతో ఒక ఫొటో ఉంటే పెట్టండి.

జమాఖర్చు (జయపురం)

ఫొటో లేదు, ఆ పత్రిక టీ కొట్టు దగ్గరే పారేశాను.

డబ్బా విప్పి చూశాం. గిన్నె మసిబొగ్గులా ఉంది. జయపురంలో మూడు దుకాణాలు తిరిగాను, ఆ మోడలుది లేదు. విజయనగరంలో పాత బండ్ల సామాను దుకాణం ఒకటి ఉందట, అక్కడ అడగమన్నాడు మెకానిక్. ఆదివారం పగలు బస్సులో వెళ్ళి చూస్తాను.